చోడి (రాగి) వేళ్లలోని బూజు అగ్గితెగులుకు మందవుతుందా?

ప్రశ్న: మాది గజపతినగరం మండలం. నిరుడు ఎకరం చోడిలో వెన్ను తీశాక మెడ నల్లబడి గింజ తాలుపోయింది. చోడి లోపల ఉండే బూజే తెగుళ్లను చంపే మందు తయారుచేస్తుందంటున్నారు. వేళ్లు కుళ్లబెట్టి ఆ నీళ్లు చల్లొచ్చా? ట్రైకోడెర్మా అనే మేలు బూజు పనిచేస్తుందా?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: విన్నది నిజమే గానీ ఆ నీళ్లు మాత్రం చల్లకండి. మొక్కకు కీడు చేయకుండా దాని లోపలే బతికే బూజుల్ని ఎండోఫైట్లు అంటారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చోడి నుంచి ఫోమా అనే బూజును వేరుచేసి, అది విరిడికటాల్, టెన్యుజోనిక్ ఆమ్లం, ఆల్టర్నేరియాల్ వంటి పదార్థాలు చేస్తుందని 2015లో ప్రకటించారు. అవి ప్రయోగశాలలో అడ్డుకున్నది ఫ్యుసేరియం అనే మరో తెగులు బూజును. వెన్ను మెడ నల్లబడి గింజ తాలుపోయిందంటే మీ చేలో వచ్చింది అగ్గితెగులు, దాని బూజు వేరు. పైగా ఆల్టర్నేరియాల్, టెన్యుజోనిక్ ఆమ్లం తిండిగింజల్లో ఉండకూడని విషాలు. వేళ్లు కుళ్లితే ఆ నీళ్లలో పెరిగేవి కుళ్లబెట్టే బాక్టీరియా, బూజులే.

ట్రైకోడెర్మా నేలలోని తెగుళ్లకు. మొక్క మొదలు కుళ్లి, అక్కడ తెల్లని బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు కనిపిస్తే అప్పుడు వాడండి. 90 కిలోల మాగిన గత్తం (పశువుల ఎరువు), 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెసంచులు కప్పి వారం, పది రోజులు ఉంచండి. పిడికిట పిండితే ముద్దవ్వాలి, నీరు కారకూడదు. ఎండలో పెట్టినా, గత్తం పచ్చిదై వేడెక్కినా బూజు చచ్చిపోతుంది. దుక్కి తడిగా ఉన్నప్పుడు చల్లాలి.

అగ్గితెగులుకు విత్తనం దగ్గరే మొదలుపెట్టండి. కిలోకు 2 గ్రాముల కార్బెండజిమ్ అనే బూజుమందు పట్టించండి. నారు పోయడానికి ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు కాబట్టి మందు 4 గ్రాములే. ఈ విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించొద్దు, కార్బెండజిమ్ దాన్ని చంపేస్తుంది. మందు వద్దనుకుంటే కిలోకు 10 గ్రాముల సూడోమోనాస్ (మేలుచేసే బాక్టీరియా) పొడి పట్టించండి.

నారుమడిలో, తర్వాత చేలో ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిదరంగు కనిపిస్తే లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి పిచికారీ చేయండి. వెన్ను తీసే దశలో ఒకసారి, పది రోజులకు మరోసారి తప్పదు. మెడ నల్లబడ్డాక కొడితే ఆ వెన్ను గింజ తిరిగి రాదు. ముసురు రోజుల్లో యూరియా ఎక్కువ వేయొద్దు, లేత ఆకు మీద తెగులు త్వరగా ఎక్కుతుంది. నిరుడు తెగులు సోకిన చేలోని గింజను ఈసారి విత్తనానికి ఉంచకండి.