కాప్‌స్టోన్‌కి టాపిక్ తర్వాత చూద్దువు, ముందు ఖర్చు లెక్కేసుకో

తమ్ముడూ, వచ్చే సెమిస్టర్‌లో అప్లైడ్ ఎకనామెట్రిక్స్ (డేటాతో ఆర్థిక ప్రశ్నలకి జవాబు వెతికే సబ్జెక్టు) కాప్‌స్టోన్, అంటే చివర్లో సొంతంగా చేసే ప్రాజెక్టు కోర్సు ఉంది, టాపిక్ ఏం తీసుకోవాలి, స్టాటా (డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) కొనాలా, ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగావ్. అసలు అడగాల్సింది అడగలేదు, ఒక్క సెమిస్టర్‌లో తెమలకపోతే ఎంత బొక్క అని. నాకు పడిన బొక్క లక్షా ఎనిమిది వేలు. 2011లో డాలర్ దాదాపు 45 రూపాయలు, అమెరికాలో మా యూనివర్సిటీలో మూడు క్రెడిట్ల కోర్సుకి 2400 డాలర్లు, గుణించుకో. అద్దె, తిండి వేరే. అప్పటికే అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి.

ఎలా పోయాయో చెప్తా. మాది అనంతపురం జిల్లా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే, మన్మోహన్ సింగ్ గారు స్వయంగా వచ్చారు. మా వైపు దాన్ని కరువు పని అంటారు. కరువు పని వచ్చాక ఊళ్ళో కూలి రేట్లు పెరిగాయా అన్నది నా టాపిక్, ఇది నాకంటే ఎవరికి తెలుసులే అనుకున్నా. మొదట 200 జిల్లాలు, 2007లో ఇంకో 130, 2008 ఏప్రిల్‌లో మిగతావి, కాబట్టి ముందొచ్చిన జిల్లాల్లో మార్పు ఎంత, ఇంకా రాని జిల్లాల్లో మార్పు ఎంత, రెండిటికీ తేడా తీస్తే అయిపోయింది. అదే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్. న్యూజెర్సీలో 1992లో కనీస వేతనం 4.25 నుంచి 5.05 డాలర్లకి పెంచితే, కార్డ్, క్రూగర్ అనే ఎకనామిస్టులు పక్కనున్న పెన్సిల్వేనియా ఫాస్ట్‌ఫుడ్ షాపులతో పోల్చి చూశారు చూడు, నీకూ క్లాసులో చెప్పే ఉంటారు. (కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది, క్రూగర్ అప్పటికే పోయారు పాపం.)

ప్రపోజల్ రోజు ప్రొఫెసర్ ఒకటే అడిగారు, మీ జిల్లాకి ముందెందుకు ఇచ్చారు అని. మా దగ్గర కరువెక్కువ కదా అని గొప్పగా చెప్పా. మరి ముందునుంచీ వెనకబడ్డ జిల్లాల్ని బాగున్న జిల్లాల పక్కన పెట్టి తేడా అంతా స్కీము వల్లే అని ఎలా అంటావ్ అన్నారు. నోట మాట లేదు. స్కీము రాకముందు ఆ రెండు రకాల జిల్లాల్లో కూలి ఒకే తీరుగా నడిచిందా లేదా చూపించాలి, దానికి పాత సర్వేలు కావాలి. అప్పట్లో ఎన్ఎస్ఎస్ (ప్రభుత్వ శాంపిల్ సర్వే) డేటా ఇప్పట్లా ఊరికే రాదు, డబ్బు కట్టి సీడీల్లో తెచ్చుకోవాలి. నాన్న కట్టారు. ఇప్పుడు మీకు గవర్నమెంట్ సైట్‌లో రిజిస్టర్ అయితే ఫ్రీగా వస్తోంది, అయినా డేటా దొరకట్లేదక్కా అంటారు, ఏం పిల్లలో ఏమో.

ఇంతటితో అయిపోలేదు. స్టాటాలో అన్నీ మెనూల్లో నొక్కుకుంటూ పోయేదాన్ని, డూ ఫైల్ (చేసే పనులన్నీ కమాండ్లుగా రాసిపెట్టే ఫైల్) రాయాలని ఎవరూ చెప్పలేదు, చెప్పారేమో నేను వినలేదు. ఒక రాత్రి పనికిరాని వేరియబుల్స్ తీసేసి అదే పేరుతో సేవ్ కొట్టా, రీప్లేస్ అని. ఒరిజినల్ ఫైల్ పోయింది. సీడీలేమో ఇంట్లో. మా తమ్ముడు అనంతపురంలో నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి రెండు రోజులు కూర్చుని అప్‌లోడ్ చేశాడు, మధ్యలో కరెంట్ పోతే మళ్ళీ మొదట్నుంచి. ఆ బాకీ వాడు ఇప్పటికీ గుర్తు చేస్తాడు. కాబట్టి ముడి డేటా ఒక ఫోల్డర్‌లో పెట్టి దాన్ని ముట్టుకోకు, చేసే ప్రతి పనీ కోడ్‌లో రాసిపెట్టు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ స్టాండర్డ్ ఎర్రర్స్ దగ్గర, అంటే మన అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే లెక్క దగ్గర. లక్షకు పైగా మనుషుల డేటా, టీ వాల్యూ (ఫలితం ఎంత గట్టిదో చెప్పే అంకె, దాదాపు రెండు దాటితే నమ్మొచ్చంటారు) 9 వచ్చింది, ఆ రోజు సంతోషంగా రూమ్మేట్స్‌కి బిర్యానీ పెట్టించా, అదీ ఖర్చే. చివరి ప్రెజెంటేషన్‌లో ఇంకో ప్రొఫెసర్, స్కీము మనిషికొచ్చిందా జిల్లాకొచ్చిందా అన్నారు. జిల్లాకే కదా. ఒక జిల్లాలో వాన పడకపోతే అందరి కూలీ కలిసే పడిపోతుంది, వాళ్ళని వెయ్యి మంది వేరువేరు సాక్షులుగా లెక్కేస్తే ఎలా. జిల్లావారీగా క్లస్టర్ చేస్తే, అంటే ఒక జిల్లా వాళ్ళందర్నీ ఒక గుంపుగా లెక్కేస్తే, 9 కాస్తా 1.6 అయింది. రిపోర్టులో రాసిన కన్‌క్లూజన్ అంతా చెత్తబుట్టలోకి. సీ గ్రేడ్ వచ్చింది, పాస్ అవ్వాలంటే బీ కావాలి, మళ్ళీ ఫీజు కట్టి అదే కోర్సు. రెండోసారి 1.6నే నిజాయితీగా రాసి, ఎందుకు గట్టిగా చెప్పలేమో వివరిస్తే ఏ వచ్చింది.

మా గ్రూపులో మిగతావాళ్ళు ఆదివారాలు కాఫీ షాపులో కూర్చుని ఒకరి కోడ్ ఒకరు చూసుకునేవాళ్ళు. నాలుగు డాలర్ల కాఫీ ఎందుకని నేను వెళ్ళలేదు. ఆ క్లస్టరింగ్ సంగతి వాళ్ళకి ముందే తెలుసట. నాలుగు డాలర్లు మిగుల్చుకుని 2400 కట్టా.

స్టాటా కొనకు. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉందేమో ముందు కనుక్కో, నేను కనుక్కోకుండా కొన్నా. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అందులో ఫిక్సెస్ట్ ప్యాకేజీ ఒక్క లైన్లో క్లస్టర్ చేసి పెడుతుంది. టాపిక్ ఇండియా మీదే కావాలని లేదు, ఫ్రెడ్, ఐపమ్స్ అనే సైట్లలో అమెరికా డేటా పైసా ఖర్చు లేకుండా ఉంది. సెమిస్టర్ మొదలయ్యే నాటికి డేటా చేతిలో లేని టాపిక్ ఎంత గొప్పదైనా వదిలెయ్.

వీసా సంగతులు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకో, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద నీ కోర్సు కోడ్. 45.0603 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కేటగిరీ), ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) పన్నెండు నెలల మీద ఇంకో 24 నెలలు అడగొచ్చు. 45.0601 అయితే లేదు. నాకు పన్నెండే దొరికాయి, పదకొండో నెలలో ఉద్యోగం వీసా సంగతి తేలింది, ఆ పది నెలలూ ఎలా తిన్నానో అడక్కు.

ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, నన్ను ఇంటర్వ్యూలో అడిగింది ఆ 9, 1.6 కథే. ఇప్పటికి పద్నాలుగేళ్ళ పైనే అయింది, ఇల్లు కొన్నా, అమ్మ గాజులు రెండో ఏడాదే విడిపించా.

ఇంతకీ నీ రూమ్ అద్దె ఎంతో రాయలేదు. ఒక్కడివే ఉంటున్నావా, షేరింగా?