జనం ఎక్కువైతే పేరొస్తుందా?

ప్రశ్న: ప్రపంచంలో పెద్ద నగరం టోక్యో అని మా అబ్బాయి క్విజ్‌లో రాస్తే, జకార్తా అని దిద్ది మార్కు తీసేశారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఏ ఏటి జాబితానో చెప్పకుండా మార్కు తీయడం అన్యాయమేనమ్మా. ఐక్యరాజ్యసమితి 2018 జాబితాలో సుమారు 3.7 కోట్లతో టోక్యోదే మొదటి స్థానం. 2025 జాబితాలో సుమారు 4.2 కోట్లతో జకార్తా ముందుకొచ్చింది, టోక్యో మూడోది. ఏడేళ్లలో జకార్తాకు అన్ని కోట్ల మంది వచ్చిపడలేదు, కొలత మారింది. ఇదివరకు ఏ దేశం గీసుకున్న హద్దు దానిదే. ఇప్పుడు నేలను చదరపు కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, 1,500 మందికి తగ్గని గళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని మొత్తం 50,000 దాటితే నగరం అంటున్నారు. దాంతో బెకాసి, టాంగెరాంగ్ లాంటి పక్క ఊళ్లు జకార్తాలో కలిశాయి.

అంకె కన్నా ముందు విస్తీర్ణం చూడడం అలవాటు చేయండి. చైనాలోని చోంగ్‌చింగ్ జనాభా 2020లో 3.2 కోట్లు. నగరపాలన హద్దేమో 82,000 చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే మన ఒడిశాలో సగానికి మించి! కొండపల్లెల వాళ్లూ ఆ లెక్కలోనే ఉన్నారు.

ప్రశ్న: జెనీవా మన బరంపురం కన్నా చిన్నదట. మరి అంత పేరెలా వచ్చింది?
– ఒక డిగ్రీ విద్యార్థి, బరంపురం

జవాబు: చిన్నదే. 2011 లెక్కల్లో బరంపురం మూడున్నర లక్షలు. జెనీవా నగర హద్దులో ఉండేది రెండు లక్షల పైచిలుకు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీల ప్రధాన కార్యాలయాలు అక్కడున్నాయి.

పలుకుబడిని కొలిచేవాళ్లు తలలు లెక్కపెట్టరు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధన బృందం ఆడిటింగ్, ప్రకటనలు, బ్యాంకింగ్, న్యాయ, సలహా కంపెనీల ఆఫీసులు ఏ ఊళ్లో ఉన్నాయో చూస్తుంది. ప్రధాన కార్యాలయానికి 5, మామూలు శాఖకు 2, లేకపోతే 0. ఒకే కంపెనీకి రెండు ఊళ్లలో వచ్చిన మార్కులను హెచ్చవేసి, అలా అన్ని కంపెనీలకూ కూడితే ఆ ఊళ్ల మధ్య సంబంధం తేలుతుంది. అలాంటి సంబంధాలు ఎక్కువ కాబట్టే లండన్, న్యూయార్క్ పైన నిలుస్తాయి. అయితే అంతర్జాతీయ సంస్థలు, రాయబార కార్యాలయాలు ఈ లెక్కలోకి రావు. జెనీవా లాంటి ఊరికి ఇక్కడే అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న: జనం తగ్గితే పలుకుబడీ తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తగ్గాలని లేదు. లండన్ 1939లో 86 లక్షలుండి 1980లలో 68 లక్షలకు పడిపోయింది. 1986లో స్టాక్ మార్కెట్ నిబంధనలు సడలించగానే విదేశీ బ్యాంకులు బారులు తీరింది ఆ తగ్గిన లండన్‌కే.