ఇల్లు మారేముందు పిల్లల చదువు కాగితాల్లో ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి

బిడ్డా,

జమ్మికుంట ఇల్లు ఖాళీ చేసి హనుమకొండకు వస్తున్నారని, సజ్జ మీది నుంచి పిల్లల పుస్తకాలు దింపితే హాలంతా నిండిపోయిందని, ఏది పారేద్దామన్నా నీకు చెయ్యి రావట్లేదని మీ అమ్మ చెప్పింది. పరేషాన్ కాకు. నీలాగే నేనూ ఇద్దరు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి పెద్ద చేసినదాన్ని, ఆ కుప్పల సంగతి నాకు తెలుసు, అందులో ముప్పాతిక వంతు పాత పేపర్లాయనకు పోయేదే. కానీ దాని ముందు కూర్చునే లోపు వేరే పని ఒకటుంది. రేపు నీకు నిజంగా అవసరం పడే కాగితాలు ఆ కుప్పలో లేవు.

పెద్దోడికి పదమూడు నిండాయి కదా. అంటే బడి పిల్లలు ఒకటి నుంచి ఏడు దాకా చదివే ఏళ్లన్నీ వాడికి జమ్మికుంటలోనే గడిచాయి. రేపు వాడు ఇక్కడ సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఏ జిల్లాకు, కొన్ని జిల్లాలు కలిపిన ఏ జోన్‌కు లోకల్ అని తేల్చేది ఆ ఏళ్లే, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి నడుస్తున్న లెక్క ఇది. బడికి పోయినవాళ్లు స్టడీ సర్టిఫికెట్లు తెచ్చి చూపిస్తారు. పోనివాళ్లు ఆ ఏళ్లలో ఎక్కడ ఉన్నారో చెప్పే నివాస ధ్రువపత్రం తహసీల్దార్ దగ్గర తెచ్చుకోవాలి. జమ్మికుంట కరీంనగర్ జిల్లా, రాజన్న జోన్. హనుమకొండ భద్రాద్రి జోన్. రైలెక్కితే గంట ప్రయాణం, లెక్కల్లో మాత్రం జోనే మారిపోతుంది.

అందుకని సామాన్లు సర్దకముందే మీసేవకు పోయి నివాస ధ్రువపత్రానికి పెట్టు. ఎన్నేళ్ల నుంచి అక్కడ ఉంటున్నారో అందులో కనిపించేలా అడుగు. పదేళ్ల తర్వాత ఆ ఊరికి పోతే మిమ్మల్ని గుర్తుపట్టి సంతకం పెట్టే మనిషి దొరకడు, ఇప్పుడైతే ఇంటి ఓనరూ ఉన్నాడు, పక్కింటివాళ్లూ ఉన్నారు. మీది కిరాయి ఇల్లు, కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద వస్తుంది, కాబట్టి కిరాయి అగ్రిమెంట్లు పాతవైనా సరే అన్నీ దాచు. గ్యాస్ బుక్కు, అడ్రస్ ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, రేషన్ కార్డు జిరాక్స్ కూడా. ఇక ఆధార్. ఇక్కడికి రాగానే అడ్రస్ మార్పిస్తావు కదా, దానికి ముందే జమ్మికుంట అడ్రస్‌తో ఉన్న ఆధార్‌ను నలుగురివీ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి పెట్టుకో. ఎవరూ చేయని పని ఇదొక్కటే, తర్వాత అందరూ తలపట్టుకునేది కూడా దీని దగ్గరే. కరెంటు బిల్లుల్లాంటి మిషన్ చీటీల మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి పాలిపోతాయి, జిరాక్స్ తీసి దాని వెనక తేదీ రాయి.

పెద్దోడు రెండో తరగతి దాకా బడికి పోయాడు కాబట్టి ఆ టీసీ, బోనఫైడ్ రెండూ ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ఈ వారమే పోయి తెచ్చుకో. చిన్న ప్రైవేటు బడులు ఇవాళ ఉంటాయి, రేపు మూతపడతాయి, అప్పుడు ఆ రికార్డుల కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. జనన ధ్రువపత్రం తీసి అందులో పిల్ల పేరు ఉందో లేదో చూడు, చాలామందికి తల్లిదండ్రుల పేర్లే ఉండి పిల్ల పేరు గడి ఖాళీగా ఉంటుంది. రిజిస్టర్ చేసిన 15 ఏళ్లలోపు పేరు ఎక్కించుకోవచ్చు. టీకాల కార్డు, కుల ధ్రువపత్రం కూడా దీంతోపాటే పెట్టు. కాలేజీ సీట్లకు లోకల్ లెక్క వేరేగా ఉంటుంది, మధ్యమధ్య మారుతుంటుంది కూడా, కాబట్టి ఇంటర్ అయ్యేదాకా ఏ ఏడాది ఎక్కడున్నారో చూపే కాగితం ఏడాదికొకటి చొప్పున పడుతూ ఉండాలి.

వచ్చే ఏడు వాడికి పధ్నాలుగు నిండుతాయి, ఓపెన్ టెన్త్‌కు కట్టొచ్చు. కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌కు కట్టినా మన తెలంగాణ ఓపెన్ స్కూల్‌కు కట్టినా ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఉన్న ప్రతి కాగితం, ఫీజు రసీదు, హాల్ టికెట్ ఒక కవర్లో పెట్టు. ఎన్‌ఐఓఎస్‌లో రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పాసవ్వొచ్చు, అంటే ఆ కవర్‌తో అయిదేళ్లు పని పడొచ్చు. టీఎంఏలకు, అంటే ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు, ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోటో తీసుకో. చివరి మార్కుల మెమో, మైగ్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక హాల్ టికెట్లు పారేసినా ఏం కాదు. మెమోలకు లామినేషన్ మాత్రం చేయించకు, ఏ ఆఫీసులోనైనా వెనక ముద్ర వేయాలంటే కుదరదు.

ఇప్పుడు ఆ కుప్ప. రేపు పిల్లలు మళ్లీ బడికి పోతామంటే ఇవన్నీ చూపించాల్సి వస్తుందేమో అని నీ భయం కదా? విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ లేదని ఆపకూడదు. ఏ హెడ్‌మాస్టరూ నీ ఆరేళ్ల వర్క్‌షీట్లు తిరగేస్తూ కూర్చోడు. చిన్నదాని విషయంలో అవసరం పడినా ఏడాదికొక పలుచని ఫైల్ చాలు, పెద్దోడికీ అంతే. ఆ ఏడాది ఏయే పుస్తకాలు చదివారో ఒక పేజీలో రాయి, ఏడాది మొదట్లో రాసింది కొంత, చివర్లో రాసింది కొంత పెట్టు. తప్పులు పోయినవే ఏరకు, కొట్టివేతలు, మళ్లీ చేసిన లెక్కలు ఉన్న పేజీ ఒకటైనా ఉండనీ, పిల్ల ఎట్లా నేర్చుకుందో అందులోనే తెలుస్తుంది. ఎక్కాలు, కాపీరైటింగ్ పుస్తకాలు, అచ్చు వర్క్‌బుక్కులు, కూడికల షీట్లు అన్నీ పోవాలి. డబ్బులు పెట్టి కొన్నామని దాచేవి ఎక్కువగా ఇవే. సగం రాయని నోటుబుక్కుల్లో ఖాళీ పేజీలు తీసి కుట్టి రఫ్ పుస్తకం చెయ్యి.

దాచాల్సింది వేరే ఉంది. మొన్న వచ్చినప్పుడు పెద్దోడు వాళ్ల తాతతో మార్కెట్ యార్డుకు పోయి పత్తి ధర రాసుకున్న నోటుబుక్కు చూశాను. తేదీ, క్వింటాల్‌కు ఎక్కువ ధర, తక్కువ ధర, పక్కన వాన పడిందా లేదా. మొదటి పేజీల్లో ఒత్తు మరిచిపోయి ‘ఇవాళ పతి ధర పడిపోయింది’ అని రాశాడు, నేనూ మీ బావా చదివి నవ్వలేక చచ్చాం. నాలుగు పేజీలు తిప్పితే ఒత్తు వచ్చింది, ఇంకొన్ని తిప్పితే గ్రాఫ్ వచ్చింది, చివర్లో వానకూ ధరకూ సంబంధం ఉందా అని తాతను అడిగిన ప్రశ్న, తాత చెప్పిన జవాబు ఉన్నాయి. ఒక పేజీ మీద బజ్జీ నూనె మరక. అది మొత్తానికి మొత్తం ఉంచు, ఒక్క పేజీ చింపకు. లెక్కలు, తెలుగు, వ్యవసాయం అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా అలాంటిది మళ్లీ రాయించలేవు. చిన్నది రామప్ప చూసొచ్చి వేసిన బొమ్మలుంటే అవీ అంతే.

బొమ్మల విషయంలో మాత్రం నువ్వు తేల్చకు, చిన్నదాన్నే అడుగు. ఒక అట్టపెట్టె ఇచ్చి ఇందులో పట్టినన్ని నీవి అను. నువ్వు ప్రాణంగా చూసుకునే బొమ్మను అది పారేస్తుంది, అట్టముక్క మీద నాలుగు గీతలున్నదాన్ని పట్టుకుని ఏడుస్తుంది, వాదించకు. అట్టతో చేసిన వేయి స్తంభాల గుడి లాంటివి ఫోటో తీసి పంపించేయడమే. ఫోటోలు ఫోన్లోనే వదిలేస్తే పెళ్లి ఫోటోల మధ్య పోతాయి, పిల్ల పేరుతో, ఏడాదితో ఫోల్డర్ పెట్టి ఇంకోచోట కూడా కాపీ ఉంచు.

ఇక్కడి ఇల్లు కింది అంతస్తు అని విన్నాను. 2023 జూలై వానలకు ఈ పక్క కాలనీల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో మరిచిపోకు, ఫైళ్లు మంచం కింద పెట్టొద్దు, గోడకు ఆనించీ పెట్టొద్దు, చెదలు గోడ నుంచే ఎక్కుతాయి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో వేసి బీరువా పై అరలో పెట్టు.

సామాన్ల బండి వచ్చిన రోజు ధ్రువపత్రాల కవర్ బండిలో వేయకు. నీ చేతి సంచిలో పెట్టుకుని రైల్లో రా, కాజీపేటలో మీ బావ ఉంటాడు.

మీ పెద్దమ్మ