లా చదువుతూ ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు కోర్టులో కేసు వాదించవచ్చా?

వాదించకూడదు, డిగ్రీ పూర్తయి బార్ కౌన్సిల్‌లో (న్యాయవాదుల వృత్తిని నియంత్రించే సంస్థ) అడ్వకేటుగా పేరు నమోదయ్యాకే 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ప్రాక్టీసు హక్కు వస్తుంది. ఇంటర్న్‌షిప్ పని నేర్చుకోవడానికే. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) మొత్తం చదివినా కోర్టులో కేసు ఎలా నడుస్తుందో దగ్గరుండి చూస్తే తప్ప అర్థం కాదు, అందుకే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు తప్పనిసరి చేశారు.

నెల్లూరులో లా చదివే అమ్మాయి జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరిందనుకోండి. కేసు కట్టలు చదవచ్చు, దావా డ్రాఫ్టు రాయొచ్చు, సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి పక్షం లాయరు వాళ్లను ప్రశ్నించడం, కూర్చుని చూడొచ్చు (అన్నిటికంటే విలువైనది ఇదే), కానీ వాయిదా అడగాలన్నా లేచి మాట్లాడాల్సింది ఆ సీనియరో, ఆయన దగ్గరున్న జూనియర్ అడ్వకేటో. అడ్వకేటు గౌను, మెడకు కట్టే తెల్ల బ్యాండ్ కూడా వేసుకోకూడదు.

ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఉంటే వాదించవచ్చని కొందరు, ఆఖరి ఏడాదిలో 12 వారాలూ ఒకేసారి చేసేయొచ్చని ఇంకొందరు అనుకుంటారు. రెండూ తప్పే. ఏ ఏడాదిలోనైనా వరుసగా 4 వారాలకు మించి కుదరదు, కాబట్టి మొదటి సంవత్సరం సెలవుల్లోనే మొదలుపెట్టండి.