కళ్లు మూసుకుని గీసిన ట్రాకు

పశ్చిమ మాంబళం, చెన్నై

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీయబోతూ చేతిలోకి తీసుకున్నాను. కునుకు పోయింది. అది మెప్పు అనుకుంటావేమో, సగమే మెప్పు. మిగతా సగం కోపం.

కోపం నీ మొదటి వాక్యం దగ్గరే వచ్చింది. ‘కొత్త ట్రయల్ మౌంటెన్ తన ఆత్మను కోల్పోయింది’ అన్నావు. రోడ్డుకు ఆత్మ ఎక్కడుంటుందమ్మా? ఏ మలుపులో ఉంటుంది? బ్రేకు వేసే చోట ఉంటుందా, బ్రేకు వదిలే చోట ఉంటుందా? అది చెబితే నేను నీ వెంట వస్తాను. ‘ఆత్మ’ అనేసి ఊరుకుంటే, గుడి బయట చెప్పులు వదిలి వెళ్లినట్టు, చూపించాల్సిన బాధ్యతను గుమ్మం బయటే వదిలేసి లోపలికి నడిచావన్నమాట.

రెండో తప్పు అంతకంటే మామూలుది. నెల్లూరులోనో నిజామాబాదులోనో కూర్చుని చదివేవాడికి ఈ ట్రయల్ మౌంటెన్ ఎక్కడిదో తెలియదు. ఊటీ దారిలో ఉందనుకుంటాడు. 1997 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ అనే ఆటల యంత్రం మీద గ్రాన్ టురిస్మో అనే కార్ల ఆట విడుదలైందనీ, కజునోరి యమౌచి దాని రూపకర్త అనీ, అందులో నిజమైన కార్లు పరుగెత్తేందుకు కల్పిత ట్రాకులు గీశారనీ, ఈ కొండదారి వాటిలో ఒకటనీ రెండు వాక్యాల్లో చెప్పెయ్యి. 2013లో వచ్చిన ఆరో ఆట దాకా అది దాదాపు అదే రూపంలో నడిచిందనీ, 2017 నాటి ఆటలో కనబడకుండా పోయిందనీ, 2022 మార్చిలో ఏడో ఆటలో రూపం మార్చుకుని తిరిగి వచ్చిందనీ ఇంకో వాక్యం. అంతే. నువ్వు దీనికి రెండు పేజీలు కూడా ఇవ్వకు. అలాగని ఎగ్గొట్టకు.

ఇక అసలు సంగతి. నీ వ్యాసం చదివాక అటక మీది పాత యంత్రాన్ని దింపించాను. దానికి తోడు మా ఇంట్లో ఇంకా ఒక డబ్బా టీవీ ఉంది. పారెయ్యమని మా ఆవిడ పదేళ్లుగా పోరుతోంది. అది వెలిగించక ముందు ఒక పని చేశాను. కాగితం తీసుకుని, కళ్లు మూసుకుని, వేళ్లకు గుర్తున్న ట్రాకును గీశాను. కళ్లు మూసుకోవడం ఎందుకంటే ఆ ఆటను నేను నేర్చుకున్నది బొటనవేళ్లతో. కంటిని అడిగితే అది చూసిన బొమ్మలు చెబుతుంది, వేలిని అడిగితే అది తిరిగిన మలుపులు చెబుతుంది.

గీసిన తరువాత ఆడి చూశాను. నా గీతలో రెండు మలుపులు లేనే లేవు. ఎన్ని వందల సార్లు వాటి మీదుగా పోయానో, ఒక్కటీ మనసులో నిలవలేదు. సొరంగం చాలా పొడవని నమ్ముతూ వచ్చాను, పాతికేళ్లుగా అలాగే చెప్పుకున్నాను కూడా. తీరా చూస్తే ఊపిరి ఒకసారి పీల్చి వదిలేలోపు బయటపడ్డాను. దట్టమైన అడవి అనుకున్నది అట్టముక్కల్లా నిలబెట్టిన చదును చెట్లు. నిలిచినవి మూడే మూడు: కొండ ఎక్కి దిగే చోట కడుపులో కలిగే తేలిక, వెనక వైపు తిన్నని దారి, ఆ దారి చివర జంట మలుపు.

ఆ జంట మలుపును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ పదకొండు పేజీలూ దాని గురించే అయి ఉండాల్సింది. చికేన్ అంటారు కదా, ఒక వైపు తిరిగీ తిరగక ముందే రెండో వైపు తిప్పాలి. పాత ఆటలో అక్కడ ఒక దొంగదారి ఉండేది. బ్రేకు సరిగ్గా వేసి, వరుసగా తిరిగి వెళ్లేవాడు మంచి బాలుడు. మిగిలిన మేమందరం లోపలి కెర్బ్ మీదికి, అంటే మలుపు అంచున కట్టిన గట్టు మీదికి, నేరుగా కారెక్కించేవాళ్లం. రెండు చక్రాలు గాలిలోకి లేచేవి. కారు ఒక పక్కకు ఒరిగి, ఇక బోర్లా పడుతుందనిపించి, మళ్లీ ధబ్బున నేలకు దిగి అదే వేగంతో ముందుకు పోయేది. మా తమ్ముడూ నేనూ రాత్రి పన్నెండు దాకా పోటీలు పడి అదే పని చేసేవాళ్లం. పరుగు గెలవడం కంటే రెండు చక్రాల మీద ఎంతసేపు నిలిచామన్నది మాకు ముఖ్యం. ఆట తయారుచేసినవాళ్లు ఆ మలుపును గీసింది అందుకు కాదు. అయినా ఆ ట్రాకు పేరు చెబితే నా వయసువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ గంతే.

ఏడో ఆటలో సరిగ్గా దాన్నే మార్చారు. వెనక వైపు తిన్నని దారిని బాగా పొడిగించి, దాని చివర మలుపులను కొత్తగా గీశారు. ఒకప్పుడు దాదాపు 4 కిలోమీటర్లున్న ట్రాకు ఇప్పుడు 5 దాటింది. మిగతా చోట్ల పాత గీతను చాలావరకు నిలబెట్టారు. జనం వేళ్లు మరిచిపోయిన మలుపుల జోలికి పెద్దగా పోకుండా, అందరి వేళ్లకూ గుర్తున్న చోటే కత్తెర పెట్టారన్నమాట. ఎందుకు? నీ వ్యాసం అడగాల్సిన ప్రశ్న ఇది. నువ్వు అడగలేదు, తిట్టావు.

లెక్క వేసి చూడు. మొదటి ఆటలో ఒక పరుగులో ఆరు కార్లు. ఇప్పుడు ఇరవై దాకా. ఆరుగురికి సందులాంటి కొండదారి సరిపోతుంది. ఇరవై మంది, అందులోనూ ఎక్కడెక్కడి నుంచో నెట్ ద్వారా ఆడే నిజమైన మనుషులు, ఒకరినొకరు దాటాలంటే ముందు పొడవైన తిన్నని దారి కావాలి, దాని చివర గట్టిగా బ్రేకు వేయక తప్పని మలుపు కావాలి. ముందు కారు చీల్చిన గాలిలో వెనక కారు దాగి వేగం పుంజుకుంటుంది, బ్రేకు దగ్గర పక్కకు తప్పుకుని ముందుకు దూరుతుంది. నిజమైన ట్రాకుల్లోనూ ఈ కాలపు పద్ధతి ఇదే. జర్మనీలోని హాకెన్‌హైమ్‌ను 2002లో ఇలాగే తిరిగి గీశారు. అక్కడ కత్తెర మరీ నిర్దయగా పడింది, అడవిలో సాగే పాత తిన్నని దారుల తారు పెరికి మొక్కలు నాటారు. 6.8 కిలోమీటర్ల ట్రాకు నాలుగున్నరకు వచ్చింది.

దొంగదారి సంగతీ అంతే. నేనూ మా తమ్ముడూ ఒకే గదిలో కూర్చుని ఆడినప్పుడు అది సరదా. ఇరవై మందిలో ఒకడు కెర్బ్ మీద గంతేసి నలుగురిని దాటితే మిగిలిన పంతొమ్మిది మందికి అది అన్యాయం. గీసేవాడు ఆ పంతొమ్మిది మంది పక్షాన నిలిచాడు. నాకు నొప్పిగానే ఉంది, కానీ అతనిది తప్పనలేను. నీకు తప్పనిపిస్తే తప్పనే రాయి, ఈ లెక్కంతా ముందు పాఠకుడి చేతిలో పెట్టి మరీ రాయి.

నిజమైన ట్రాకును మార్చడానికి కారణం చాలాసార్లు ప్రాణం. ఇటలీలోని ఇమోలా ట్రాకులో టాంబురెల్లో మలుపు దగ్గర 1994 మే 1న ఫార్ములా 1 డ్రైవరు అయర్టన్ సెన్నా పోయాడు, మరుసటి ఏడాదికల్లా అక్కడ వేగం తగ్గించే చికేన్ వచ్చింది. దానితో ఎవరూ వాదించరు. ఆటలో ఎవరూ చావరు. మరి కల్పిత ట్రాకును ముట్టుకునే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? నీ ఏడో పేజీలో ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకున్నావు. అక్కడే ఆగి ఉంటే నీకు చేతులెత్తి నమస్కారం పెట్టేవాణ్ని.

ఈ విషయంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. వ్యాసుడి భారతాన్ని తెలుగు చేస్తూ తిక్కన, 700 శ్లోకాల గీతను ఎంతగా కుదించాడో నీకు తెలుసు. యుద్ధం మొదలవబోతోంది, కథ ఆగకూడదు, అది ఆయన లెక్క. వీడియో ఆటలు చేసే నింటెండో వాళ్లు 1996 నాటి తమ కార్ల ఆటలోని రెయిన్‌బో రోడ్ అనే ట్రాకును 2014లో మారియో కార్ట్ 8 ఆటలోకి తెచ్చినప్పుడు చేసిందీ అలాంటి పనే. పాతదానిలో ఒక్కో చుట్టుకు సుమారు రెండు నిమిషాలు పట్టేది, మూడు చుట్లు పూర్తయ్యేసరికి ఆవలింతలు వచ్చేవి. కొత్తదానిలో మొత్తం ట్రాకును ఒకే ఒక్క చుట్టుగా చేసి, దాన్నే మూడు భాగాలుగా విభజించారు. ఆ పొడవు వల్ల కలిగే విస్మయం ఉంది, విసుగు లేదు. (తిక్కనను కార్ల ఆట పక్కన కూర్చోబెట్టానని మీ నాన్నగారికి చెప్పకు. నాతో మాట్లాడటం మానేస్తారు.)

దీనికి ఎదురు ఉదాహరణ గ్రాండ్ వ్యాలీ. అదీ మొదటి ఆటలోని కల్పిత ట్రాకే. 2023 ఫిబ్రవరిలో ఏడో ఆటలోకి తెచ్చినప్పుడు దాన్ని కాలిఫోర్నియా సముద్రతీరానికి తరలించి, పేరు చివర ‘హైవే 1’ అని తగిలించారు. పాత ఆటగాళ్లలో చాలామంది ఇది గ్రాండ్ వ్యాలీ కాదని గొడవ చేశారు. నాకు మాత్రం ఆ తోకలో నిజాయితీ కనిపించింది. ఇది వేరే మనిషి, ఇంటిపేరు ఒకటే అని వాళ్లే ఒప్పుకున్నట్టు. ట్రయల్ మౌంటెన్ అదే పేరుతో, అదే ముఖంతో వచ్చి ఒక్క పన్ను మార్చుకుంది. మనం నవ్వును గుర్తుపట్టేది ఆ పన్నుతోనే కాబట్టి ఇబ్బంది.

నీ నాలుగో పేజీలో ‘పాతకాలపు కళాకారుల ప్రకృతి ప్రేమ’ అని ఒక మాట ఉంది. కొట్టెయ్యి. ఆ పాత ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. నీ ఫోనులో ఒక్క ఫొటో దానికంటే పెద్దది. దూరాన ఉన్నదంతా గీయడం దాని శక్తికి మించిన పని. పక్కన కొండరాయి నిలబెడితే దాని వెనక ఉన్నది గీయక్కరలేదు. సొరంగంలోకి పంపితే ఆ కాసేపు ఆకాశం కూడా అక్కరలేదు. మలుపు తిరిగేదాకా ముందేముందో కనబడకపోవడం అనే ఆ గుబులు పేదరికంలో పుట్టింది. ఇల్లు ఇరుకైనప్పుడు వంటింటి గోడకే దేవుడి గూడు పెట్టుకున్నట్టు. ఇవాళ్టి యంత్రానికి ఆ ఇరుకు లేదు. కావాలంటే పది కొండల అవతల ఊరు కూడా చూపించగలదు. అయినా ఆ కొండరాళ్లనూ సొరంగాలనూ ఉంచారు, ఎందుకంటే ఆ ఇరుకునే మనం ఇష్టపడ్డాం కాబట్టి. ప్రకృతి ప్రేమ కంటే ఇది మంచి కథ కాదూ?

భాష గురించి ఒక్క మాట. ‘పరుగుపందెపు పథం’ అని రాయకు, ట్రాకు అను. కెర్బ్‌ను కెర్బ్ అనే అను. మలుపులో కారు తాకాల్సిన లోపలి అంచును మాత్రం లోపలి అంచు అంటే చాలు, పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

ఇక చెన్నైలో ఉంటూ నువ్వు ఈ ఊరును వాడుకోలేదే అని నా బాధ. నా చిన్నప్పుడు మా నాన్న నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని షోలవరం తీసుకెళ్లేవారు. నెల్లూరు వెళ్లే దారే. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది, ఏడాదికొకసారి రేసు ట్రాకు అయ్యేది. కొండ లేదు, చెట్టు లేదు, ఎండ తప్ప ఏమీ లేదు. అంత చదును నేల మీద మలుపు ఎక్కడిది? అడ్డంగా గడ్డిమోపులు పెడితే అదే మలుపు. ట్రాకు అంటే తారు కాదనీ, ఎక్కడికి పోకూడదో చెప్పే అడ్డు అనీ ఆ వయసులో మాట రాకపోయినా నాకు అర్థమైంది. తరువాత ఇరుంగట్టుకోటలో 3.7 కిలోమీటర్ల అసలు ట్రాకు వచ్చాక షోలవరం పరుగులు చరిత్రలో కలిసిపోయాయి.

మళ్లీ 2024 ఆగస్టు 31న ఆ సంగతే ఇంకో రకంగా చూశాను. ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వీధి ట్రాకు, 19 మలుపులు, రాత్రిపూట ఫార్ములా 4 పరుగులు. నేను నలభై ఏళ్లుగా బస్సు కిటికీలోంచి చూస్తున్న నేపియర్ వంతెన వైపు రోడ్లే అవి. రెండు వైపులా సిమెంటు దిమ్మెలు, వాటి మీద ఇనుప వల, పైన దీపాలు. దారి తెలుసు, అయినా నాకు దిక్కు తెలియలేదు. శివానంద సాలై మీద నిలబడి, సముద్రం ఎటువైపుందని పక్కవాణ్ని అడిగానంటే చూసుకో. పాత దారిని కొత్తగా గీయడమంటే ఏమిటో నీ గుమ్మం ముందు ఎవరో చేసి చూపించారు. ఒక ఉదయం ఎండ ముదరకముందే ఆ దారిని నడిచి రా. కూవం నది వాసనకు ముక్కు మూసుకోకు, అదీ రాసుకో. డ్రైవర్లు కూడా పోటీకి ముందు ట్రాకును నడిచే చూస్తారు, కారులోంచి తెలియని ఎగుడుదిగుళ్లు కాలికి తెలుస్తాయి.

నడిచి వచ్చాక పదకొండు పేజీలూ పక్కన పెట్టి, ఆ ఒక్క జంట మలుపును నాలుగు పేజీల్లో రాయి. ముందు పాతది, నీ వేళ్లు ఏం చేశాయో. తరువాత కొత్తది, అవే వేళ్లు ఎక్కడ తడబడ్డాయో. ‘నేను’ అని రాయడానికి సిగ్గుపడకు. నీ వ్యాసంలో ‘ఆటగాళ్లు భావించారు’ అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది, పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కపెట్టాను. ఆ తొమ్మిదిచోట్లా భావించింది నువ్వే.

నీ వ్యాసంలో నాకు నిజంగా నచ్చినది పదో పేజీ అడుగున ఉంది. కొత్త ట్రాకు మీద మొదటిసారి వెళ్తూ, పాత అలవాటున బ్రేకు ముందే వేసేశాననీ, మలుపు ఇంకా చాలా దూరంలో ఉందనీ, ఖాళీ దారి మీద కారు ఒంటరిగా నెమ్మదిగా పోతుంటే నవ్వొచ్చిందనీ రాశావు. దాన్ని పదో పేజీలో ఎందుకు దాచావు?

వచ్చే ఆదివారం పదింటికి రా. కొత్త యంత్రం నువ్వు తెచ్చుకో, పాతది ఇక్కడ బిగించే ఉంది. వచ్చేటప్పుడు ఒక తెల్ల కాగితం, పెన్సిలు తెచ్చుకో. యంత్రం ముట్టుకోక ముందు నువ్వు కూడా కళ్లు మూసుకుని గీయాలి. నా గీత పక్కన నీది పెట్టి చూద్దాం. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, మా ఆవిడ గోంగూర పప్పు చేస్తానంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు