సీఆర్‌డీసీ: సస్పెన్షన్ల లెక్క నమోదును మించితే

సీఆర్‌డీసీ అంటే అమెరికా విద్యాశాఖ బడుల నుంచి తీసుకునే పౌరహక్కుల డేటా సేకరణ. అందులో ఒక వర్గంలో (జాతి, లింగం, వైకల్యం లాంటివి) సస్పెండైన పిల్లలు నమోదైనవాళ్లకన్నా ఎక్కువ వస్తున్నారంటే, చాలావరకు మీ రిపోర్టు పిల్లల్ని కాక ఘటనల్ని లెక్కపెడుతున్నట్టే.

1. రిపోర్టును విద్యార్థి ఐడీ వారీగా మళ్లీ తీయండి.
2. మూడుసార్లు సస్పెండైన విద్యార్థి ‘ఒకటికన్నా ఎక్కువసార్లు’ గడిలో ఒక్కరే. ‘ఒక్కసారి మాత్రమే’ గడిలోకి రాకూడదు. 3 అనే అంకె ఘటనల సంఖ్య అడిగే ప్రశ్నకే.
3. 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో ఇచ్చే వెసులుబాట్ల ప్రణాళిక) మాత్రమే ఉన్నవాళ్లని ఐడియా (ప్రత్యేక విద్య చట్టం) కింద ఉన్నవాళ్లతో కలపకండి.

ఇంకా తేడా ఉంటే తేదీలు చూడండి. చాలామంది మర్చిపోయేది ఇదే. నమోదు అక్టోబరు 1 ప్రాంతంలో ఒక్కరోజు లెక్క, సస్పెన్షన్లు ఏడాది మొత్తానివి. నవంబరులో చేరి సస్పెండైన విద్యార్థి సస్పెన్షన్ల లెక్కలోనే ఉంటారు. అది తప్పు కాదు. దయచేసి అంకె సరిపెట్టడానికి ఆ విద్యార్థిని తీసేయకండి, కారణం రాసి పంపండి.