ఇటలీలో సముద్రపు అంచున నడవాలంటే అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 44, నా భార్యకు 41. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.35 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 36,000, ఆరో తరగతి చదువుతున్న బాబు కాలేజీ చదువు కోసం మ్యూచువల్ ఫండ్ సిప్ 15,000, ఇంటి ఖర్చులు 55,000. ఎఫ్‌డీలో 2 లక్షలున్నాయి. ఇటలీలో సముద్రపు అంచున ఐదు ఊళ్లున్న చింక్వే తెర్రె కొండదారుల్లో నడవాలని మా ఇద్దరికీ ఎప్పటి నుంచో కోరిక. ఒక ట్రావెల్స్ వాళ్లు పది రోజుల ఇటలీ ప్యాకేజీ ఇద్దరికీ 6.8 లక్షలు చెప్పారు. మూడేళ్ల పర్సనల్ లోన్ 14 శాతానికి ఇప్పిస్తామన్నారు. వచ్చే మేలో వెళ్లాలని ఉంది. లోన్ తీసుకోమంటారా, సిప్ ఆపమంటారా? మా నాన్నగారు అసలు ఇదంతా దండగ అంటున్నారు.

జవాబు: వెళ్లండి. ఇది దండగ ఖర్చు కాదు. ఆ ఐదు ఊళ్లలో మొంతెరొస్సో నుంచి వెర్నాట్సా దాకా దారి మూడున్నర కిలోమీటర్లే అయినా దాదాపు రెండు గంటలు పడుతుంది. అంతా రాతి మెట్ల ఎక్కుడు దిగుడే. ఒక పక్క రాళ్లు పేర్చి కట్టిన మడుల్లో ద్రాక్ష తీగలు, రెండో పక్క కిందికి చూస్తే సముద్రం. కొన్నిచోట్ల ఎదురొచ్చిన వాళ్లకు దారివ్వాలంటే మీరు గోడకు ఒరిగి నిలబడాలి. ఇలాంటి నడక మోకాళ్లు సహకరించే వయసులోనే చేయాలి, రిటైరయ్యాక చూద్దామనుకునేది కాదు. కాకపోతే మేలో వద్దు, ఆ ప్యాకేజీ వద్దు, ఆ లోన్ అసలే వద్దు.

ముందు ప్యాకేజీ సంగతి. మీకిచ్చిన కాగితంలో చింక్వే తెర్రెకు ఎన్ని గంటలు కేటాయించారో చూడండి. ఇలాంటి టూర్లలో రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ మధ్య దానికి ఒక్క పూట దొరుకుతుంది. రైల్లో ఒకటి రెండు ఊళ్లు చూపించి, ఫొటోలు దిగనిచ్చి వెనక్కి తీసుకొస్తారు. మీరు కోరుకున్నది నడక. అది లేని టూరుకు 6.8 లక్షలు ఎందుకు కట్టాలి?

ఇక లోన్. 6.8 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లంటే నెలకు సుమారు 23,240 కట్టాలి. వడ్డీయే 1.57 లక్షల దాకా అవుతుంది. మీ ఖర్చులన్నీ పోను మిగిలేది 29,000. అందులో 24,000 ఇప్పటి నుంచే నెలనెలా బ్యాంకు ఆర్డీలో (రికరింగ్ డిపాజిట్) వేస్తే 18 నెలల్లో 4.32 లక్షలు, పైన వడ్డీ. అంటే నెలనెలా జేబులోంచి పోయేది ఇంచుమించు అంతే. కాకపోతే ముందు దాచుకుంటే ఏడాదిన్నరతో అయిపోతుంది, వెళ్లొచ్చాక కట్టాలంటే మూడేళ్లు పడుతుంది.

ఆ 4.32 లక్షలు సరిపోతాయా? యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి నేను జాగ్రత్తగా 110 చొప్పున లెక్కేశాను. విమాన టికెట్లకు ఇద్దరికీ 1.4 లక్షలు పెట్టుకోండి. ఇటలీకి కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, సర్వీస్ ఛార్జీలతో కలిపి ఇద్దరికీ 25,000. ఇన్సూరెన్స్‌కు 5,000. బసకు రోజుకు 100 యూరోల చొప్పున తొమ్మిది రాత్రులకు 99,000. తిండికి 66,000, రైళ్లు, ఆ దారుల్లో నడవడానికి కొనే పార్కు కార్డులకు 38,500, మంచి బూట్లు, రెయిన్‌కోట్లకు 20,000. మొత్తం 3.94 లక్షలు. పది శాతం చేతిలో ఉంచుకున్నా 4.33 లక్షలు. ఆర్డీ వడ్డీతో ఆ లెక్క దాటేస్తారు.

ఈ లెక్క నిలబడాలంటే బస ఆ ఐదు ఊళ్లలో కాకుండా పక్కనున్న లా స్పెజియాలో పెట్టుకోవాలి. అక్కడి నుంచి ఆ ఐదింట్లో ఒకటైన రియోమజ్జోరేకు రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. సముద్రం కనిపించే గదికి పెట్టే డబ్బుతో అక్కడ ఇంకో రెండు రాత్రులు ఉండొచ్చు. నేనైతే రోజులే ఎంచుకుంటాను, ఎందుకంటే వాన హెచ్చరిక వస్తే దారులు మూసేస్తారు. రోజులు చేతిలో ఉంటే మర్నాడు నడవొచ్చు. రియోమజ్జోరే నుంచి పక్క ఊరు మనరోలాకు వెళ్లే ‘ప్రేమ దారి’ 2012లో కొండచరియలు పడి మూతపడింది. మళ్లీ 2024లోనే తెరిచారు. దానికి విడిగా డబ్బు కట్టి, ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. మనరోలా నుంచి వొలాస్త్రా మీదుగా కొర్నీలియా ఊరికి పోయే పైదారికి టికెట్టే లేదు.

నెల కూడా ముఖ్యమే. ఇప్పటి నుంచి 18 నెలలంటే వచ్చే ఏడాది సెప్టెంబరు దగ్గరికొస్తుంది. ఆగస్టు రద్దీ తగ్గి, ద్రాక్ష కోతలు సాగే సమయం. అక్టోబరులోకి జరపకండి. 2011 అక్టోబరు వానలకే వెర్నాట్సా, మొంతెరొస్సో బురదలో మునిగాయి.

బాబు సిప్ జోలికి పోవద్దు. ఎఫ్‌డీ కూడా కదపకండి. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 91,000, కాబట్టి 2 లక్షలంటే రెండు నెలల భద్రతే. నాకు నిజంగా టెన్షన్‌గా ఉన్నది ఇక్కడే. మిగిలే 5,000, బోనస్ ఏదైనా వస్తే అది మొత్తం, ఎమర్జెన్సీ ఫండ్‌లోకి వేయండి. మధ్యలో ఎవరి ఉద్యోగానికైనా ఇబ్బందొస్తే ఆర్డీని ఇంటికి వాడుకుని ప్రయాణం వాయిదా వేయండి. ఏడాదిన్నరలో వాడే డబ్బు కాబట్టి దీన్ని షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు.

వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అప్లై చేసే ముందు బావమరిది దగ్గర రెండు లక్షలు తెచ్చి అకౌంట్లో చూపించే పని మాత్రం చేయకండి, హఠాత్తుగా పడిన డబ్బు అనుమానాలకే దారితీస్తుంది. నెలనెలా కట్టిన ఆర్డీ మీ తరఫున మాట్లాడుతుంది. వీసా రాకపోయినా ఫీజు తిరిగిరాదు. అందుకే హోటళ్లు ఉచితంగా క్యాన్సిల్ అయ్యేవే తీసుకోండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. కొండదారుల్లో నడుస్తూ పడితే వర్తిస్తుందో లేదో కొనేముందు పాలసీలో చదవండి. చెప్పులతో ఆ దారుల్లోకి వెళ్తే జరిమానా వేస్తారు, బూట్ల ఖర్చు తగ్గించుకోకండి.

తిండికి భయపడనక్కర్లేదు. శనగపిండితో కాల్చే ఫరినాటా మన అట్టులాగే ఉంటుంది, చవకగా కడుపు నిండుతుంది. హోటల్లో కూర్చుంటే మనిషికింతని విడిగా ‘కొపెర్తో’ అనే ఛార్జీ వేస్తారు, బిల్లు చూసి కంగారు పడొద్దు. ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్లు ఎక్కేముందే స్టేషన్లో మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేదంటే ఫైన్. కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే మార్పిడి రేటు వాళ్లిష్టం.